పట్నములో పూటకూడు

మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో "పట్నము" అనగా విశాఖపట్టణమే. పెద్ద చదువులకు పట్నము, కంటి శుక్లములకు పట్నము, కాన్పు కష్టమైనచో పట్నము, కొలువు పరీక్షకును పట్నమే. శ్రీకాకుళమునుండి ఇంచుమించు 115 కిలోమీటర్లు, విజయనగరమునుండి 60 కిలోమీటర్లు. తెల్లవాఱుజామున బస్సెక్కినవారము ఎండ ముదురక మునుపే కాంప్లెక్సులో దిగుదుము. దిగినది మొదలు కొంగుముడి సడలుట ఆరంభమగును. ఆటోవాడు అడిగినది ఇయ్యవలయును. గది అద్దె వారు చెప్పినదే. మందుల వెల పెట్టెమీద అచ్చువేసియే యుండును. రక్తపరీక్షకు బేరము లేదు. ఇన్నింటిలో ఇల్లాలు తన చేతితో తగ్గింపగలిగినది ఒక్కటే కలదు. అది ఆమె కడుపు. కావున ఆమె దానినే తగ్గించుచున్నది.

సోదరీమణులారా, ఇది మేము అలంకారమునకై వ్రాసిన మాట కాదు. మా వీధిలోని ఒక ఇల్లాలు కుమారుని కాలి శస్త్రచికిత్సకై పట్నమున తొమ్మిది దినములుండి వచ్చినది. కుఱ్ఱవానికి ఆసుపత్రివారే పథ్యపు భోజనము పెట్టిరి. భర్తకు రెండు పూటల హోటలు భోజనము కొనిపెట్టినది. తనకు మాత్రము ప్రొద్దున ఒక టీ, మధ్యాహ్నమొక బన్ను, రాత్రి రెండు అరటిపండ్లు. మరుగుదొడ్డికి పోవలసివచ్చునన్న జంకుచే నీరు కూడ కొలిచి త్రాగినది. తిరిగి వచ్చిన దినమున బస్సు దిగి, నడచి, తన గుమ్మముకడనే కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోయినది. వైద్యుడు చూచి, రోగమేమియు లేదు, అన్నము లేదు, నీరు లేదు, అంతే అన్నాడు. ఆ తొమ్మిది దినములలో ఆమె తన నోటినుండి మిగిల్చినది రమారమి వేయి రూపాయలు. సెలైను సీసాలకును బలపు మందులకును అయినది అంతకు హెచ్చు. ఆమెను మేము మందలింపలేదు. మందలింపదగినది ఆమెను కాదు. పట్నమున చౌకగా, శుచిగా, ఆడుది ఒక్కతె పోయి నిశ్చింతగా తినదగిన చోటు ఎచ్చటనున్నదో ఆమెకు చెప్పనివారిని. కావున ఈ మాసపు ముచ్చటను దానికే కేటాయించుచున్నాము.

పొరుగూర అన్నము వెదకుకొనుట నేటి చిక్కు కాదు. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమును మా నాన్నగారు మాకు పూర్తిగా చెప్పలేదు. అది ఆడుపిల్లలకు ఆద్యంతము చెప్పదగిన గ్రంథము కాదని వారి యభిప్రాయము; పెండ్లియైన పిదప మేమే చదువుకొంటిమి. కాకతీయుల ఓరుగల్లులో ఒక దినము తిరుగాడిన యిద్దఱు మిత్రుల కథ యది. అంతటి రాజధానిలో, మణులు ముత్తెములు అమ్ముచోట, వారికి మధ్యాహ్నమగుసరికి ఆకలి వేసినది. అప్పుడు పూటకూటింటి ప్రసక్తి వచ్చును. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు ఏమేమి పెట్టుదురో కవి లెక్క చెప్పినాడు: సువాసనగల సన్నన్నము, గోధుమపిండి వంటకము, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఎన్నో మేడల వర్ణనలు మఱచితిమి గాని ఈ వంటకముల వరుస మాత్రము మాకు మఱపు రాలేదు. ఆ కవి చేసినదే మేమును నేడు చేయబూనుకొన్నాము: ఇల్లు చెప్పుట, వెల చెప్పుట, విస్తరిలో ఏమి పడునో చెప్పుట.

విజయనగరమునకు వచ్చినచో, గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మను ఎఱుగనివారెవరు? 1892లో మన విజయనగరముననే ఆ నాటకము మొదట ఆడిరి, 1897లో అచ్చువేసిరి. చీపురుకట్ట పట్టుకొని వచ్చు ఆమెను చూచి నేటికిని జనులు నవ్వుచునే యున్నారు. మేమును నవ్వితిమి. కాని నవ్వు ఆగిన పిదప మా మనసునకు తోచినదేమనగా, ఆ కాలమున దిక్కులేని ఆడుదానికి తలయెత్తుకొని బ్రదుకుటకున్న దారులు ఎన్ని? పదిమందికి వండిపెట్టుట వానిలో మేలైనది. ఊరుకాని ఊరు వచ్చిన కచ్చేరి గుమాస్తాలకును చదువుకొను బాలురకును వేడియన్నము పెట్టినది అట్టి ఇల్లాండ్రే. వారి పేర్లు ఏ శాసనములోను లేవు.

పూటకూటికి రూక లేనివాని గతియేమి? వానికి "వారములు" ఉండెడివి. సోమవారము ఒకరింట, మంగళవారము మఱియొకరింట. ఏడిండ్లు కుదిరినచో వాని చదువు సాగినట్లే. మహారాజావారి సంస్కృత కళాశాలయు, 1919లో నెలకొల్పిన సంగీత పాఠశాలయు వెలసిన విజయనగరమున ఇట్లు వారములు తిని పండితులైనవారు కోకొల్లలు. ఏడిండ్లును కుదరనివాడు జోలె పట్టి మధూకరమునకు పోవలయును. 1922లో చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతము నేర్చుకొనుటకై విజయనగరము వచ్చి, గురువుగారైన పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద విద్యతోపాటు మధూకరపు మర్యాదయు నేర్చుకొని, జోలె భుజమున వేసికొని మన వీధుల ఇంటింట అన్నమెత్తి తిన్నారు. తరువాత ఆ కంఠమునకు ఆంధ్రదేశమంతయు చెవియొగ్గినది. ఆనాడు ఆ జోలెలో పిడికెడన్నము వేసిన విజయనగరపు గృహిణికి తానెవనికి పెట్టుచున్నదో తెలియదు. తెలియనక్కఱలేదు కూడ.

ఇది యంతయు ఎందులకు చెప్పుచున్నామనగా, ఐదు రూపాయల భోజనమన్నచో మన ఇండ్ల ఆడువారికి కలుగు సంకోచము మేమెఱుగుదుము. "అది కూలివారికి పెట్టునది, మాస్టారింటివారము మనము పోయి వరుసలో నిలువబడుటయా?" అని మమ్మే ఒకరు అడిగిరి. అన్న క్యాంటీన్లు 2018 జూలైలో విజయవాడలో తెఱచిరి, 2019లో మూసిరి, మరల 2024 ఆగస్టు 15న గుడివాడలో మొదలిడి ఊరూర తెఱచిరి. పెద్ద యాసుపత్రుల చెంతను, రైతుబజారుల చెంతను, జనము మసలు కూడళ్ళలోను వీనిని చూడవచ్చును. పూటకు ఐదు రూపాయలు. ప్రొద్దున ఏడున్నర మొదలు పది వఱకు ఇడ్లీయో పూరీయో ఉప్మావో పొంగలియో. మధ్యాహ్నము పండ్రెండున్నర మొదలు మూడు వఱకు అన్నము, కూర, పప్పో సాంబారో, పెరుగు, పచ్చడి. రాత్రి ఏడున్నర మొదలు తొమ్మిది వఱకు మరల భోజనము. అన్నము 400 గ్రాములని నిర్ణయించిరి; నడివయసు ఇల్లాలికి అది హెచ్చేగాని తక్కువ కాదు. మూడు పూటలకు మనిషికి 90 రూపాయలు వ్రయమగుచుండగా తినువాడిచ్చునది 15 మాత్రమే, తక్కినది ప్రభుత్వమును దాతలును భరించెదరని 2024లో లెక్క చెప్పిరి.

అది దానము కదా యని సంకోచించువారికి మా మాట ఇది. ఇంటనున్నప్పుడు మీరు అచ్చటికి పోనక్కఱలేదు. వరుస పొడవుగా నుండి, రాళ్ళు మోసి వచ్చిన కూలి మీ వెనుక నిలిచియుండి, మీ కొంగున ఆ పూటకు తగిన రూకలున్నచో, ప్రక్కకు తొలగుటయే మర్యాద. కాని రోగి మంచముకడ రాత్రియంతయు మేలుకొని, మఱునాటి మందుకు లెక్క చూచుకొనుచున్న ఆడుదానికంటె ఆ అన్నమునకు అర్హులెవరు? ఆమెవంటివారికే అది పెట్టినది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన కోనసీమ లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు తన గుమ్మముకడకు వచ్చిన బాటసారిని నీ వెంత కలవాడవని అడిగి పెట్టలేదు; ఆకలియా అని అడిగి పెట్టినది. బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆ తల్లి పేరే 2024లో పెట్టిరి.

ఇట్టి క్యాంటీన్లు పొరుగు నగరములలోను కలవు. మన మండలముల కూలిజనము ఏటేట వలస పోవుచుండుటచే ఇదియును వ్రాయుచున్నాము. చెన్నపట్టణమున 2013లో అమ్మ ఉణవగములను తెఱచి రూపాయికొక ఇడ్లీ పెట్టిరి. హైదరాబాదున 2014 మొదలు ఐదు రూపాయల భోజనము కలదు. 2025లో దానికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి ప్రొద్దుటి ఫలాహారమును కూడ చేర్చిరి. దూరపు ఊరికి పోవు బిడ్డకు ఈ రెండు ముక్కలు కాగితముపై వ్రాసి యిచ్చినచో తప్పు లేదు.

ఇక మా యనుభవము. నిరుడు మా ఆడపడుచుకు పట్నమున శస్త్రచికిత్స జరిగినది. కుట్లు మానుట ఆలస్యమగుటచే పదునొకండు దినములుండవలసివచ్చినది. మా యింటి పంతులుగారు బడియు పిల్లలును విడిచి రాలేకపోగా, మేమును మా అత్తగారును తోడుంటిమి. సోమవారమున చేరితిమి. మొదటి రెండు దినములు ఆసుపత్రి యెదుటి హోటలులోనే తింటిమి. ఉదయము ఫలాహారమునకు మనిషికి 50, మధ్యాహ్న భోజనమునకు 130, రాత్రికి 80. ఇద్దఱికి దినమునకు 520 రూపాయలు. అదే తీరున పదునొకండు దినములు సాగినచో 5,720 అగును. అది గాక రెండవనాటి బిల్లులో "సర్వీసు చార్జి" అని వేఱొక పంక్తి కనబడినది. అడుగగా ఎల్లరును ఇచ్చెదరనిరి. ఎల్లరును ఇయ్యనక్కఱలేదు. బిల్లులో తమంతట తాము దానిని చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు 2022 జూలైలో ఆదేశించిరి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ యాదేశమును నిలిపినది. ప్రభుత్వపు పన్ను వేఱు, ఇది వేఱు. ఈ మాట మెల్లగా చెప్పగా కౌంటరుకడ కూర్చున్న అబ్బాయి ఆ పంక్తిని కొట్టివేసినాడు. గొంతు పెంచవలసిన పని కలుగలేదు.

మూడవనాడు క్యాంటీనునకు దారి తీసితిమి. అత్తగారు గుమ్మముకడనే ఆగి, "ఎవరు వండారే?" అని అడిగిరి. పెద్ద వంటశాలలో పెద్ద పెద్ద యంత్రములమీద వండి బండ్లలో తెత్తురట, హరేకృష్ణ సంస్థవారట, చేయి తగలదట అని చెప్పితిమి. "చేయి తగలని వంటకి రుచి ఎక్కణ్ణుంచి వస్తుందే?" అని ఆవిడ నిలిచిపోయిరి. మడి కాక రుచి అడ్డు వచ్చుట మాకును వింతయే. ఇంతలో వరుసలో మా ముందున్న ముసలమ్మ, పలాస ప్రాంతమునుండి మనుమరాలి వైద్యమునకు వచ్చినదట, వెనుదిరిగి, "ఏటమ్మా అలా నిలబడిపోనావు? కంచం అట్టుకో. అన్నం సల్లారిపోతాది," అన్నది. మా అత్తగారు కంచము పట్టుకొనిరి. పప్పులో ఉప్పు చాలలేదనిరి, పెరుగు బాగున్నదనిరి. రెండును నిజమే. మఱునాటినుండి తమ చిన్న డబ్బాలో ఆవకాయ వేసికొని రాసాగిరి. ఆ ముసలమ్మకును ఒక బద్ద.

అచ్చట కొన్నియెడల నిలుచుండి తినవలసియుండును. మోకాళ్ళనొప్పులవారు ముందుగా చూచుకొనవలయును. మూడు కావచ్చువఱకు ఉపేక్షించినచో కూర అయిపోవును. వేళయైన వెంటనే పోయినవారికి వేడియన్నము, తాజా కూర.

రాత్రిపూట ఆసుపత్రి విడిచి పోవుటకు వీలుపడక మఱియొక యేర్పాటు చేసికొంటిమి. గదిలో చిన్న విద్యుత్ కుక్కరున అన్నము వండుకొని, కూరలు మాత్రము "కర్రీ పాయింటు"లో కొంటిమి. ఈ కర్రీ పాయింటులను గూర్చి నాలుగు మాటలు వ్రాయక తప్పదు. ఆంగ్లపు పేరు గలదేగాని యిది అచ్చముగా మన తెలుగువారి యేర్పాటు. అన్నము నీవు వండుకొమ్ము, కూర, పప్పు, చారు, వేపుడు మేమమ్మెదమనుట. మేము కొన్న చోట ఒక్కొక్క కూర పొట్లము 25 రూపాయలు. రెండు కొన్నచో ఇద్దఱికి సరిపోయెడిది. ఆ దుకాణమును నడపుచున్నది పాలకొండ ప్రాంతపు ఇల్లాలు. మా అత్తగారు మొదటి సాయంకాలమే ఆమె పుట్టినూరును, అత్తవారి యూరును, వంకాయలు ఎచ్చట కొనునో, నూనె ఏ నూనెయో, అన్నియు అడిగి తెలిసికొనిరి. తెల్లవాఱి నాలుగు గంటలకు లేచి పూర్ణా మార్కెట్టునుండి కూరగాయలు తెచ్చి, పది గంటలలోపల ఎనిమిది రకములు వండునట. ఇద్దఱు పిల్లలను చదివించుచున్నదట. నాటి పూటకూళ్ళమ్మ నేటికిని కలదు సోదరులారా, ఆమె చేతిలో చీపురు లేదు, గరిటె యున్నది. ఆమెతో ఐదు రూపాయలకు బేరమాడువారిని చూచినపుడు మాకు కష్టముగ తోచినది. పెద్ద హోటలులో నోరెత్తక ఇచ్చి, ఇచ్చట గీసి బేరమాడుట ఏ లెక్క?

ఇక మా జమాఖర్చు. ప్రొద్దుటికి పది, మధ్యాహ్నమునకు పది, రాత్రి కూరలకు ఏబది, బియ్యము పెరుగులకు నలుబది. దినమునకు ఇద్దఱికి 110 రూపాయలు. ఎనిమిది దినములకు 880. నడుమ వచ్చిన ఆదివారమునకు 200. మొదటి రెండు దినముల 1,040 కలుపగా మొత్తము 2,120. హోటలునే నమ్ముకొన్నచో అగు 5,720 లోనుండి 3,600 రూపాయలు నిలిచినవి. అవి మా ఆడపడుచు మందులకు, పండ్లకు, తిరుగు ప్రయాణమున వెనుకసీటు పూర్తిగా పఱచుకొను కారుకు పనికివచ్చినవి. ఈ పదునొకండు దినములలో మేము గాని మా అత్తగారు గాని ఒక్కపూట పస్తుండలేదు.

క్యాంటీను దగ్గఱ లేనివారు, దాని వేళలు కుదరనివారు హోటలునకే పోవలసియుండును. హోటలు పేర్లు వ్రాసి పంపుడని కొందఱడిగిరి. మేము వ్రాయము. వంటవాడు మాఱిన దినమున వంట మాఱును. పలకమీది పేరు మాఱదు. పేరునకు బదులు గుఱుతులు చెప్పెదము. ఆసుపత్రి ప్రహరికి ఎదురుగా నున్న మొదటి వరుస దుకాణములు విడిచి రెండవ వీధికి పొండు. అద్దె తగ్గును, విస్తరి వెలయు తగ్గును. రాత్రి కొలువు దిగిన నర్సులు ఎచ్చట ఫలాహారము చేయుదురో చూడుడు. శుచి విషయమున వారి కన్ను మోసపోదు. ఆడువారు కూర్చుండు చోటని కూడ ధైర్యము. ద్వారకానగరమునను కాంప్లెక్సు పరిసరములను పోటీ పరీక్షలకు చదువు పిల్లలకై వెలసిన మెస్సులు పెక్కు కలవు. నెలవారీ తినువారిని రోజూ మోసగింప వీలుకాదు గనుక అచ్చటి పప్పు పప్పువలెనే యుండును. బయటివారికిని పూటకు పెట్టుదురు, అడుగవలయును.

పలకమీద నలుబది రకములు వ్రాసియుండి లోపల నలుగురే తినుచున్నచో వెనుదిరుగుడు. రెండే రకములుండి కూర్చుండుటకు చోటు లేకున్నచో వేచియుండుడు. నూనె నల్లబడి, పొగలు చిమ్ముచు, నురుగు కట్టియున్నచో ఆ గారెను ముట్టకుడు. మరల మరల కాచి చెడిన నూనెను వాడరాదని, ఆ చెడుగునకు 25 శాతమని హద్దు పెట్టి, 2018 జూలైనుండి ప్రభుత్వము నియమము చేసినది. మన చేత కొలత పరికరము లేకున్నను ముక్కు కలదు. ప్రయాణమున ఇడ్లీకి మించిన మేలైన తిండి లేదు, ఆవిరిమీద ఉడికినది గనుక. కొబ్బరిపచ్చడి మాత్రము ప్రొద్దెక్కిన పిదప ముట్టకుండుట మంచిది. ఎండకాలమున అదే మొదట చెడును.

ఇంకొక సంగతి. "ఫుల్ మీల్స్" ఆడువారికి నష్టపు బేరము. ఎంత కావలయునన్న అంత పెట్టుదురు సరే, మనము తినునదెంత? అదే భోజనమును పొట్లము కట్టించి తెచ్చుకొన్నచో అన్నము గుట్టగా నుండును; ఇద్దఱు హాయిగా తినవచ్చును. కూర్చుండియే తినవలసినచో "ప్లేట్ మీల్స్" కలదా యని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడి నూటముప్పది యిచ్చి సగము విడిచి లేచినవారిని ఎందఱినో చూచితిమి.

ఇంటినుండి ఏమి కొనిపోవలయును? మన పెద్దలు చద్దిమూట లేక గడప దాటలేదు. పులిహోర ఒక దినము నిలుచును. దిబ్బరొట్టె రెండు పూటలు. కందిపొడి, ఆవకాయ, అటుకులు, సున్నుండలు పదిదినములకు ఢోకా లేదు. అన్నిటికంటె మేలైనది మన ప్రాంతపు చోడిపిండి. వేయించి విసరిన పిండిని డబ్బాలో పోసికొనిపోయి, వేడినీటిలో కలిపి జావ కాచుకొని మజ్జిగ పోసికొన్నచో నాలుగు గంటలు ఆకలి మాట యుండదు. నూఱు గ్రాముల చోళ్ళలో ఎముకలకు బలమైన సున్నపు ధాతువు 300 మిల్లీగ్రాములకు పైగా కలదు. ఏ టీ బన్నులో దొరకును? చోడి అంబలి పల్లెవారి త్రాగుడని మన ఇండ్లలో చిన్నచూపు చూచుట మానినచో, ఆసుపత్రి బెంచీమీద ఎందఱో తల్లులకు ఓపిక వచ్చును. నీటికి లీటరు సీసా మీదే యుండవలయును. మరుగుదొడ్డి ఎచ్చటనున్నదో చేరిన గంటలోపల అడిగి తెలిసికొనుడు, సిగ్గుపడి నీరు మానకుడు.

ఊరి వెలుపల పని ముగిసి ఒక పూట తీరిక దొరికినచో సింహాచలము పోయిరావచ్చును. దేవస్థానమువారి నిత్యాన్నదానమున మధ్యాహ్నము స్వామి ప్రసాదము కడుపునిండ దొరకును. అది యాత్రికుల పంక్తి. దినదినము దానికే పోవుట మర్యాదయు కాదు, కొండకు రానుపోను బస్సు ఖర్చునకు గిట్టదు కూడ.

ఆదివారమును గూర్చి ఒక హెచ్చరిక. క్యాంటీనుల వంటకముల పట్టిక సోమవారము మొదలు శనివారము వఱకే; ఆదివారము సెలవు. ఈ సంగతి తెలియక ఆ ప్రొద్దున మూసిన తలుపులు చూచి తిరిగి వచ్చి, ఎచ్చటికి పోవుటయో తోచక పస్తుండువారు కలరు. శనివారము సాయంకాలమే అటుకులో రొట్టెయో చూచుకొని, రైతుబజారున రెండు వంకాయలును ఒక పెరుగు పొట్లమును కొని యుంచుకొన్నచో ఆ దినము గడచును. కుక్కరు గదిలో పెట్టుకొనుటకు యజమాని యొప్పునో లేదో అద్దె మాటాడునపుడే అడుగవలయును. కొందఱు కరెంటునకు వేఱుగ పుచ్చుకొందురు, ఒకరిద్దఱు ససేమిరా యందురు. శ్రీకాకుళమునను విజయనగరమునను కూడ ఈ క్యాంటీనులు కలవు గనుక, మొదటిసారి పోవు సంకోచము గలవారు పట్నము బస్సెక్కు దినమున ఏడున్నరకు మన యూరిలోనే ఒకసారి పోయి, ఐదు రూపాయలిచ్చి, మూడిడ్లీలు తిని బయలుదేరుడు.